సద్దు లేని బాటలు: ఫ్రాన్సు పల్లెసీమలలో సైకిలుయాత్ర



ఫ్రాన్సుదేశమను మాట వినినతోడనే మనలో పలువురకు పారిసు నగరమును, అందలి యినుపగోపురమును తలపునకు వచ్చును. ఈ నెల నేను చెప్పదలచినది ఆ నగరమును గూర్చి కాదు. ఆ దేశపు పల్లెలనడుమ, ద్రాక్షతోటల ప్రక్కను, కాలువగట్లమీదను సద్దు లేక సాగిపోవు సన్నని బాటలను గూర్చి. వేసవి వచ్చినంతనే ఆ బాటలపై కుటుంబములు కుటుంబములుగా సైకిళ్లపై బయలుదేరుదురు. ముందు తండ్రి, నడుమ పిల్లలు, వెనుక తల్లి. సామాను చక్రముల కిరువైపుల వ్రేలాడు సంచులలో. వృద్ధదంపతు లుందురు. ఒంటరిగా పోవు స్త్రీలును కనబడుదురు. దినమునకు నలువది యేబది కిలోమీటర్లు తీరికగా త్రొక్కి, ప్రొద్దు వాలకమునుపే ఏదేనొక గ్రామమున బస చేయుదురు.

మన యిండ్లలో ఆడుపిల్ల సైకిలెక్కెదనన్నచో తల్లి గుండె జల్లుమనును. ఆ భయము సైకిలును జూచి కలిగినది కాదు. వెనుకనుండి వచ్చు లారీని జూచి కలిగినది. క్రింద పడినచో మోకాలు చెక్కుకొనిపోవును. అది నాలుగు దినములలో మానును. లారీతోడి మాట వేఱు. కనుక పిల్లకు సైకిలు కొనియిచ్చుట సగము పనియే. అది పోవుటకు తగిన బాట నిచ్చుట తక్కిన సగము. ఫ్రాన్సు పల్లెబాటలవలన మనము తెలిసికొనదగినది ఈ రెండవ సగమును గూర్చియే. అచ్చటి నిశ్శబ్దము అడవిలోని నిశ్శబ్దమువలె తానై పుట్టినది కాదు. కొంత చట్టమువలన కలిగినది, కొంత కూలివారి చెమటవలన కలిగినది, కొంత యొకదానిని పోగొట్టుకొనుటవలన మిగిలినది.

1830–31 సంవత్సరములలో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి బాట యెట్టిదో, నీరెట్టిదో, అంగళ్లు గలవో లేవో శ్రద్ధగా వ్రాసియుంచిరి. యాత్రలను గూర్చి వ్రాయువారికి అదియే మంచి యొరవడి. నేనును ఆ వరుసనే ముందు బాటలను, పిదప నీళ్లను, తిండిని, మర్యాదలను జెప్పెదను.

ఊరిబాటలు

ఫ్రాన్సులో దాదాపు 35,000 కొమ్యూనులు గలవు. కొమ్యూనన మన గ్రామపంచాయతీవంటిది. చిన్నదైనను దానికొక సభయు, ఒక మేయరును ఉందురు. 1836 మే 21వ తేదీని చేసిన చట్టముచే ప్రతి కొమ్యూనును తన యూరిబాటలను బాగుగా నుంచుట విధియయ్యెను. ధనము చాలనిచోట గ్రామస్థులు ఏడాదికి మూడు దినముల వఱకు తమ యొడలికష్టమునో, తమ బండ్లనో పశువులనో బాటపనికి ఈయవలసివచ్చెను. సంతకు పోవుటకును, పంటను చేర్చుటకును, పొరుగూరివారితో వియ్యమందుటకును ఇట్లు వేసికొన్న బాటలే నేడు సైకిలువారికి భోగమైనవి.

ఇప్పుడు జిల్లాలవంటి విభాగముల యధీనమున సుమారు 3,80,000 కిలోమీటర్ల రోడ్లును, కొమ్యూనుల యధీనమున దాదాపు 7,00,000 కిలోమీటర్ల రోడ్లును గలవు. మోటారుబండ్లకై వేఱుగా కట్టిన మహామార్గములు ఆ పొడవులో నూటికి రెండు వంతులైనను లేవు. అయినను దూరము పోవు కార్లును లారీలును ఆ మహామార్గములనే పట్టిపోవును. పెద్దకాలువ త్రవ్వినపిమ్మట పిల్లకాలువలలో ఉరవడి తగ్గినట్లు, ఊరిబాటలలో రద్దీ తగ్గినది. కొన్నిబాటలపై గంటసేపు త్రొక్కినను ఒకటి రెండు కార్లకన్న నెదురుకావు.

దారి తెలిసికొనుటయు కష్టము కాదు. మిషెలిన్ కంపెనీవారి దేశపటములలో పెద్దరోడ్లు ఎఱుపుగాను, వానికన్న చిన్నవి పసుపుగాను, మిక్కిలి చిన్నవి తెలుపుగాను ఉండును. తెల్లగీతలను పట్టిపోవుట సైకిలువారి మొదటిపాఠము. ప్రక్కను ఆకుపచ్చ యంచు వేసియున్నచో అది కంటికింపైన దారియని గుర్తు. గీతపై బాణపుముల్లులుండును, ఒకటైన ఎక్కుడు కొంచెము, మూడైన ఊపిరాడనంత. బాటప్రక్క కిలోమీటరురాళ్లకు నెత్తిన రంగుండును. ఎఱుపైన జాతీయమార్గము, పసుపైన విభాగపు బాట. మావారు బడిపిల్లలకు పటము చూచుట నేర్పునపుడు చెప్పుమాట యొకటి గలదు: పటము చదువనేర్చినవాడు పరాయియూర దారి యడుగుటకు సిగ్గుపడనక్కఱలేదు, భయపడనక్కఱయు లేదు. ఇప్పుడు చేతిఫోనులే దారి చూపుచున్నను, ఈ రంగుల యర్థ మెఱిగినవారికి ముందే తెలియును, ఏ బాట పిల్లలకు తగునో, ఏది తగదో.

కాలువగట్లు

మన గోదావరి కాలువలపై పడవలను గట్టుమీదినుండి త్రాళ్లతో లాగుకొనిపోయెడి దినములు పెద్దలకు తెలియును. ఫ్రాన్సు కాలువలకును అట్టి లాగుడుగట్లు గలవు. పడవలకు యంత్రములు వచ్చినపిదప ఆ గట్లు పనిలేక యుండెను. నీరు సమతలమున నుండును గనుక గట్టును సమతలమే. లాకు వచ్చినచోట మాత్రమే కొంచె మెక్కుట గాని దిగుట గాని యుండును. ఎక్కుడుదిగుడులు లేని బాట చిన్నబిడ్డలకును, క్రొత్తగా సైకిలు నేర్చిన పెద్దలకును ఎంత యనువో వేఱుగా చెప్పనేల?

వీనిలో ప్రసిద్ధమైనది దక్షిణదేశమందలి మిదీ కాలువ. తులూజు నగరమునుండి మధ్యధరాసముద్రతీరము చేరు వఱకు 240 కిలోమీటర్లు. పియెర్ పాల్ రికే అను నాతడు 1666లో పూని, తన యాస్తిని దానిలో పోసి, 1681లో కాలువ తెఱచుటకు కొన్ని నెలలముందు 1680లో గతించెను. కొండలలో చెఱువు కట్టి, ఆ నీటిని కాలువకు మిట్టప్రదేశమున నందించుట ఆతని నేర్పు. పనివారు వేలకొలది. వారిలో మన్ను మోసిన స్త్రీలును పలువురుండిరి. వారికి పురుషులకంటె తక్కువ కూలి ముట్టెను. ఆ కాలువ 1996లో ప్రపంచవారసత్వ సంపదలలో చేర్పబడినది. నేడు దాని గట్టున చల్లగా పోవువారు ఆ గంపల నొక్కసారి తలచుట న్యాయము.

ఆ చల్లదనమునకు కారణమైన ప్లేను వృక్షములకు ఇప్పుడు గొప్ప యాపద వచ్చినది. కాలువపొడుగున సుమారు 42,000 చెట్లుండెడివి. 1944లో యుద్ధసామగ్రి తెచ్చిన కొయ్యపెట్టెలతో ఒక బూజుతెగులు ఆ దేశమున ప్రవేశించెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 2006లో అది ఈ కాలువ చెట్లయందు కానవచ్చెను. తెగులు సోకిన చెట్టునకు మందు లేదు, కొట్టి కాల్చుటయే. వేలకొలది చెట్లు పోయినవి. వానిచోట పలుజాతుల మొక్కలు నాటుచున్నారు. ఒకే జాతిని వరుసగా నాటినచో ఒకే తెగులునకు అన్నియు పోవునని తెలిసివచ్చినది. కావున అచ్చట కొన్నితావుల నీడ, కొన్నితావుల నెత్తిన యెండ. తులూజునుండి మొదటి యేబది కిలోమీటర్లు తారువేసిన చదునైన బాట. తరువాత పెక్కుచోట్ల మట్టిదారి. చెట్లవేళ్లు పైకి లేచియుండును. చంటిబిడ్డలతో పోవువారు ఆ మొదటిభాగముతో తృప్తిపడుట మేలు.

పశ్చిమమున బ్రిటనీ సీమలో నాంతు నుండి బ్రెస్టు వఱకు మఱియొక కాలువ కలదు, 364 కిలోమీటర్లు. ఆంగ్లేయుల యుద్ధనౌకలు సముద్రమార్గమును అడ్డగించుటచే నెపోలియను కాలమున, 1811లో, దీనిని మొదలిడిరి; 1842లో ముగిసెను. లాకులు రెండువందలకు పైగా గలవు. గ్లొమెలు అనుచోట మిట్టను చీల్చి లోతైన కందకము త్రవ్వవలసివచ్చెను. 1823 మొదలు 1832 వఱకు ఆ పని చేసినవారు బ్రెస్టు చెఱసాలలోని ఖైదీలు. ఇప్పుడా గట్టున మోటారుబండ్లు పోరాదు. జొస్లాను గ్రామమున పాతకోట బురుజులు నీటిలో తలక్రిందుగా కనబడుచుండును. పూర్వము పదిమంది పాదములు పుండ్లుపడినచోట నేడు పసిబిడ్డ చక్రము చల్లగా దొరలుచున్నది.

లువారు నదీతీరము

ఫ్రాన్సులోని నదులన్నిటిలో పొడవైనది లువారు. నెవేరు పట్టణపు చేరువనుండి అట్లాంటిక్ సముద్రము వఱకు దాని ననుసరించి సుమారు 900 కిలోమీటర్ల సైకిలుదారి కలదు. కొంతదూరము నదిగట్టున, కొంతదూరము ఊరిబాటలపై పోవును. ఆకుపచ్చ గుర్తుపలకలు మలుపు మలుపునకు దారి చూపును. బ్లువా, ఆంబువాజు మొదలగు పట్టణముల రాజసౌధము లీ దారిలోనివే. వానికంటె మన సోదరీమణులకు విలాంద్రీ సౌధపు తోట ప్రీతి గొల్పునని నా తలంపు. 1906లో ఆ సౌధమును కొనిన జొవాకిం కార్వాలో, ఆన్ కోల్‌మన్ దంపతులు అచ్చట పాతకాలపు పద్ధతిని తోట వేయించిరి. తొమ్మిది చతురస్రములలో కూరమొక్కలనే ముగ్గువలె దీర్చినారు. క్యాబేజీ నీలిరంగు, బీటుదుంపయాకు కెంపురంగు, ముల్లంగియాకు పచ్చన. మన పెరటిమళ్లకును ఇట్టి యందము పట్టకపోదు.

ఇచ్చట నొక మెలకువ గలదు. ఆ సీమలో గాలి తఱచుగా పడమటి సముద్రమునుండి వీచును. నది పడమటికి ప్రవహించునని దానివెంట పోవువారికి గాలి యెదురగును. నెవేరు వైపునకు, అనగా తూర్పునకు పోవువారికి గాలి వెన్నుతట్టి పంపును. నీరు పల్లమెఱుగును గాని, సైకిలు గాలి నెఱుగవలెను.

రైలు పోయినచోటు

పందొమ్మిదవ శతాబ్దాంతమున ఫ్రాన్సులో చిన్నచిన్న యూళ్లకును రైళ్లు వేసిరి. మోటారుబండ్లు ప్రబలినపిదప, 1930లనుండి ఆ చిన్నదారులు ఒకటొకటిగా మూతపడెను. పట్టాలు తీసిన కట్టలపై ముండ్లపొదలు మొలిచెను. బర్గండీ సీమలో జివ్రీ నుండి క్లూనీ వఱకు అట్టి 44 కిలోమీటర్ల కట్టను చదునుచేసి, 1997లో నడచువారికిని సైకిలువారికిని తెఱచిరి. దేశమున మొదటి 'పచ్చబాట' యిదియే. రైలు నిటారుగా నెక్కలేదు గనుక వాలు స్వల్పము. ద్రాక్షతోటలు, పాత స్టేషనులు, రాతియిండ్ల గ్రామములు ప్రక్కల సాగును. 2004 సెప్టెంబరున వచ్చిన ప్రభుత్వశాసనము ఇట్టి బాటలను మోటారుబండ్లు చొరరానివిగా రహదారి నిబంధనలలో చేర్చినది. క్లూనీకి ఆవల మాకోను పోవు దారిలో 1,600 మీటర్ల సొరంగ మొకటి కలదు. చలికాలమున దానిని మూసివేయుదురు. ఏలనన, గబ్బిలము లందు నిద్రించును. వాని నిద్ర చెఱుపరాదని మనుష్యులే చుట్టుదారిన పోవుదురు.

ఇంత యందమును జెప్పునపుడు దానికైన వెలయు చెప్పవలెను. రైలు పోయిన యూరి ముసలమ్మకు వైద్యునొద్దకు పోవుట కష్టమైనది. కొన్ని గ్రామములలో బడి మూసిరి, అంగడి మూసిరి, పడుచువారు పట్టణములకు పోయిరి. యాత్రికునకు హాయియైన నిశ్శబ్దము కాపురస్థునకు వెలితి కావచ్చును. పచ్చబాటవలన అట్టి యూళ్లలో రొట్టెలయంగడియు, చిన్న బసయు మఱల తెఱచుకొన్నచో యాత్ర సార్థకమైనట్లే. కాన అచ్చట పోవువారు పట్టణమునందే అన్నియు కొని మోసికొనిపోక, పల్లెయందు కొనుట ధర్మము.

స్త్రీలు, సైకిళ్లు

ఈ బాటలపై స్త్రీలు స్వేచ్ఛగా పోవుటయు ఒక్కనాట వచ్చినది కాదు. బొర్దో నగరమున 1868 నవంబరు 1వ తేదీననే స్త్రీలు సైకిలుపందెము నడపిరి. అయినను పారిసునందు 1800 సంవత్సరపు ఉత్తరువొకటి యుండెను; పోలీసువారి యనుమతి లేక స్త్రీ పురుషవేషము, అనగా పంట్లాము, ధరింపరాదు. లంగా గొలుసులో చిక్కుకొనుచుండ సైకిలు త్రొక్కుటెట్లు? 1892లోను, 1909లోను దానిని సడలించి, చేత సైకిలుపిడి గాని గుఱ్ఱపుకళ్లెము గాని యున్నచో పంట్లాము తొడుగవచ్చుననిరి. ఆ యుత్తరువునకు ఇక చెల్లుబాటు లేదని ప్రభుత్వము వారు స్పష్టముగా చెప్పినది 2013 జనవరి 31వ తేదీని! పనికిరాని కట్టడి పోయినపిదపను కాగితముపై ఎంతకాలము బ్రతుకునో చూడుడు.

తీరికగా సైకిలుపై దేశము చూచుటను జనులకు నేర్పిన పెద్ద పాల్ ద వీవీ (1853–1930). సాంతెతియెను పట్టణమున నుండి 1887లో సైకిలు పత్రిక నొకదానిని స్థాపించి, మిట్టలెక్కుటకు గేర్లు వలయునని జీవితమంతయు వాదించెను. పందెముల పెద్దలు వానిని బలహీనుల యూతకఱ్ఱలని యెగతాళి చేసిరి; ఫ్రాన్సు చుట్టు జరుగు మహాపందెమున గేరుమార్చు సాధనమును 1937లో గాని యంగీకరింపలేదు. వీవీ శాకాహారి. ఆకలి కాకమునుపే తినుము, దప్పిక కాకమునుపే త్రాగుము, గొప్పకై త్రొక్కకుము అనునవి ఆతని బోధల సారము. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీరు త్రాగుట మేలను మన సామెత ఆతడు వినియున్నచో మెచ్చియుండును. కొండదారులన్నియు క్షేమముగా తిరిగిన యా వృద్ధుడు తుదకు నగరవీథిలో ట్రాము తగిలి మరణించెను.

నీరు, తిండి, మర్యాద

మే, జూను, సెప్టెంబరు మాసములు యాత్రకు మంచివి; జూలై, ఆగస్టులలో దక్షిణమున ఎండయు, లువారుతీరమున జనమును మెండు. నీటికై వెదకువారు గ్రామపు శ్మశానవాటికకు పోవుదురు. సమాధులపై పూలకు నీరు పోయుటకై అచ్చట కొళాయి యుండును. సైకిలువారు సీసాలు నింపుకొందురు. మన పెద్దమ్మలు వినినచో ముక్కుమీద వేలు వేసికొందురు గాని, అచ్చట నది తప్పు కాదు. అయితే కొళాయిపై 'నోఁ పొతాబ్లు' అని వ్రాసియున్నచో ఆ నీరు త్రాగరాదని యెఱుగవలెను.

పల్లెయంగళ్లు మధ్యాహ్నమున రెండుగంటలో అంతకు మించియో మూసియుండును. ఆదివారము మధ్యాహ్నము మొదలు సోమవారము వఱకు పెక్కుచోట్ల ఏమియు దొరకదు. కనుక శనివారమే రొట్టె, పండ్లు సమకూర్చుకొనవలెను. మాంసము ముట్టనివారు చీజు కొనునపుడు విచారింపవలెను. అచ్చటి ప్రాచీనపు రకములు పెక్కు దూడకడుపునుండి తీసిన తోడుతో పేరినవి. మన వేపుడుపప్పును, అటుకులును సంచిలో నున్న ఎచ్చటనైన నిశ్చింత.

ఫ్రాన్సులో బండ్లు కుడిప్రక్కన పోవును; మనవారు మలుపులయందు దీనిని మఱువరాదు. గుర్తులు లేని కూడలిలో కుడివైపునుండి వచ్చువానికి దారి యీయవలెను. పండ్రెండేండ్ల లోపు పిల్లలకు 2017నుండి శిరస్త్రాణము విధి. కారు సైకిలును దాటునపుడు ఊరిలో ఒక మీటరు, ఊరివెలుపల మీటరున్నర యెడము విడువవలెనని చట్టము. దారిలో అలసినవారికి ప్రాంతీయపు రైళ్లు గలవు. సైకిలును పెట్టెలో నెక్కించుకొనవచ్చును, కాని వేసవిలో కొన్నిచోట్ల ముందుగా చోటు కోరవలెను.

ఈ మీటరున్నరను గూర్చి సోదరీమణులు కొంచె మాలోచింపవలెను. అది చక్రమునకును చక్రమునకును నడుమ విడిచిన చోటు మాత్రమే కాదు. బలవంతుడు బలహీనునకు విడిచిన చోటు. దానిని మంచిమనసునకు విడువక చట్టమున వ్రాసిరి. కాలువగట్టున మోటారుబండి రాకుండ కఱ్ఱ నడ్డము పాతిరి. మూతపడిన రైలుకట్టను అమ్ముకొనక నడచువారికి ఇచ్చిరి. ఈ మూడు పనులకును అపారధనము అక్కఱలేదు. ఈ బాట ఎవరికని యడుగువారు వలయును.

కాలువగట్టున్న యూళ్లు మనకును గలవు. బిడ్డకు సైకిలు కొనుటకు ముందు తల్లులు ఒకనాటి యుదయమున బడి వఱకు తామే నడచి చూతురు గాక. ఎన్ని లారీలు వచ్చినవో, ఎచ్చట మలుపు కానరాదో, గట్టువెంట వేఱుదారి కలదో లేదో లెక్కవ్రాసి, నలుగురు తల్లులు కలిసి పంచాయతీవారి ముందుంచుడు. ఆడువారికి రోడ్లమాట యేల యనువారుందురు. ఆ రోడ్డున పోవలసినది మన బిడ్డలే యని వారికి బదులు చెప్పుడు.